ఆ పేరుకి బోర్డు మీద జానెడు చోటు

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

అమ్మా, నేను పొడంపేట వాణ్ణి. ఒడిశాలో గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఉన్న జాలర్ల పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. మా పల్లె పేరు మీ చెవిన పడి ఉంటే రెండు సంగతుల వల్ల పడి ఉంటుంది. మా ఇసుకలో గుడ్లు పెట్టడానికి లక్షల్లో వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒకటి. రెండోది, సముద్రం మింగేసిన ఊళ్ళ గురించి ఎవరు రాసినా మా ఊరి పేరు ఉంటుంది. మీరు దత్తత తీసుకున్న పెదమైనవానిలంకలో కూడా సముద్రం ఇళ్ళ దాకా వస్తోందని పేపర్లో చదివాను. అందుకని ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేది మీకు నేను విడమర్చకుండానే సగం అర్థమవుతుందని నమ్మకం.

సముద్రం మా ఊరిని ఒక్క రాత్రిలో పట్టుకుపోలేదు. ముందు పడవలు లాగి పెట్టుకునే ఇసుక పోయింది. తరవాత కొబ్బరి చెట్లు, ఆ తరవాత ముందు వరస ఇళ్ళు. ఒక వరస పోతే వెనక వరస ముందు వరస అయ్యేది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేటప్పటికి మమ్మల్ని ముందే ఖాళీ చేయించారు. ఆ రోజు మా అమ్మ నెత్తిన పెట్టుకుని తెచ్చింది ఒక్కటే మూట. వలలు తేలేదు, వంట గిన్నెలు తేలేదు. ఆ మూటలో రేషను కార్డు, ఓటరు కార్డు, నాన్న ఫొటో, రెండు పాలిథీన్ కవర్లలో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఉన్నాయి.

తరవాత లోపలికి జరిగి కొత్త కాలనీలో ఇళ్ళు కట్టుకున్నాం. దానికీ పొడంపేట అనే పేరు. పాతది పాత పొడంపేట, ఇది కొత్త పొడంపేట. పేరు మార్చుకోమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, అడిగినా మార్చుకునేవాళ్ళం కాదు. నేల పోయినా పేరు మాతోపాటు నడిచి వచ్చింది. ఆంధ్రా బ్యాంకు విషయంలో జరిగింది దీనికి తిరగబడిన సంగతి. భవనం అక్కడే ఉంది, కౌంటరు అక్కడే ఉంది, మా ఖాతా నంబరు కూడా అదే. పేరొక్కటీ పోయింది.

మా అమ్మకి చదువు రాదు. ఆవిడ ఎండు చేపల వ్యాపారం చేసేది. నెత్తళ్ళు, కవళ్ళు ఎండబెట్టి, గంపకెత్తుకుని తెల్లారగట్ల బండి పట్టుకుని ఛత్రపురం మీదుగా బరంపురం వెళ్ళేది. అమ్మకం అయ్యాక డబ్బు రొంటిన దోపుకుని బ్యాంకుకి నడిచేది. బరంపురంలో బ్యాంకులు ఒకటా రెండా? ఒక్కో వీధిలో నాలుగు. వాటిలో తన బ్యాంకును ఆవిడ ఎలా గుర్తు పట్టేదో చిన్నప్పుడు ఒకసారి అడిగాను. బోర్డు మీద ఒడియా అక్షరాల్లో మొదటిదాన్ని వేలితో గాలిలో గీసి చూపించింది. గుండ్రంగా ఒక సున్నా చుట్టి, పక్కన ఒక గీత. ఆ గుండ్రం కనిపిస్తే అది ‘ఆంద్రా బేంకి’. ఆవిడకి తెలిసిన అక్షరం అదొక్కటే, అదీ బడిలో నేర్చుకున్నది కాదు.

లోపల కుర్చీలో ఎవరున్నా సరే అమ్మకి దిగులు ఉండేది కాదు. తెలుగు మాట్లాడే గుమాస్తా ఒకడైనా ఉంటాడని ధైర్యం. ప్రతిసారీ ఉండేవాడని నేను చెప్పను. కొన్నేళ్ళు అందరూ ఒడియా వాళ్ళే. అయినా ఆ పేరు చూసి ఆవిడ గుమ్మం దగ్గర తడబడకుండా లోపలికి వెళ్ళేది. నీలం సిరా ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, మిగిలిన సిరా తలకి రాసుకుని బయటికి వచ్చేది. పాస్‌బుక్‌లో ముద్ర పడిందా లేదా అని వెలుతురుకి పట్టి చూసుకునేది.

నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళ కోసం మా తీరంలో 20 కిలోమీటర్ల లోపు వేట మీద ఆంక్షలు ఉంటాయి. ఆ నెలల్లో మా ఇళ్ళల్లో పొయ్యి వెలగాలంటే దాచుకున్న డబ్బు ఉండాలి, లేదంటే బంగారం తాకట్టు పెట్టాలి. మాకు బ్యాంకు అంటే ఆ ఏడు నెలలు.

అమ్మా, ఆ ‘ఆంధ్రా’ అనే మాట గంజాంలో ఎంత బరువైనదో చెప్పనివ్వండి. మా జిల్లా 1936 మార్చి 31 దాకా మద్రాసు రాష్ట్రంలోది. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, బరంపురం అందులోకి వచ్చింది, దక్షిణాన ఉన్న తాలూకాలు మద్రాసులోనే మిగిలాయి. మేం ఎక్కడికీ కదల్లేదు, గీత మా మీదుగా కదిలింది. ఇప్పుడు దాని మీద మాకు తగువేమీ లేదు. ఒడియా మా పిల్లల చదువు, మా పొరుగు, మా సంబంధాలు కూడా. కానీ ఇంటి బయట మా మాట ఎక్కడ ఉంది? కచేరీ బోర్డు మీద లేదు, బస్సు మీద లేదు. బరంపురం వీధిలో ఒక బ్యాంకు బోర్డు మీద మాత్రం ఉండేది. లిపి ఒడియా, హిందీ, ఇంగ్లీషే కావచ్చు. మాట మాది.

ఆ మాటకి ఆంధ్ర రాష్ట్రం కంటే వయసు ఎక్కువ. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించింది 1923 నవంబరు 20న. పని మొదలుపెట్టింది అదే నెల 28న. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు, అధీకృత మూలధనం 10 లక్షలు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. అంటే ముప్ఫై ఏళ్ళు ముందుగా, రాష్ట్రం అనేది ఇంకా సభల్లో తీర్మానంగా ఉన్న రోజుల్లో, ఒక డాక్టరుగారు ఆ పేరుతో జనం డబ్బు దాచే చోటు కట్టారు. అప్పటికి గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల పక్కనే ఉంది. ఆ పేరు పెట్టిన రోజున అందులో మేం కూడా ఉన్నామని మా పెద్దలు అనుకోవడంలో తప్పు లేదు.

తరవాత ఆ బ్యాంకు మమ్మల్ని నిజంగానే తనలో చేర్చుకుంది. 1980 ఏప్రిల్ 15న అది జాతీయమైంది. అప్పట్లో గంజాం జిల్లాకి లీడ్ బ్యాంకు ఆంధ్రా బ్యాంకే. 1992లో గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయాక దానికీ అదే. ఏ బ్లాకులో ఎవరికి ఎంత అప్పు అందాలన్న జిల్లా ప్రణాళిక తయారీలో ముందుండేది ఆ బ్యాంకే. ఒక ఒడియా జిల్లా అప్పుల లెక్కని ఆంధ్రా అనే పేరున్న బ్యాంకు నడిపింది. మా ఒడియా పొరుగువాళ్ళు దాన్ని పరాయి బ్యాంకు అనలేదు, పెళ్ళి అప్పుకీ వరి అప్పుకీ అక్కడికే వెళ్ళారు. 1936లో పంపకాలు జరిగిన చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంకో మాట. 1969 జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది వి.వి. గిరి గారు. మరునాడే ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. ఆయన పుట్టింది బరంపురంలో, చదివింది ఖల్లికోట కాలేజీలో. బ్యాంకు తలుపులు గంపమోసే ఆడమనిషికి కూడా తెరుచుకోవడం వెనక మా జిల్లా తెలుగాయన సంతకం ఉందని మేం మా పిల్లలకి చెప్పుకుంటాం.

2019 ఆగస్టు 30న మీరు ప్రకటన చేశారు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలుస్తాయన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగ సంఘాలు రోడ్డెక్కాయి. పట్టాభి గారి పేరు తలుచుకుని చాలామంది బాధపడ్డారు, కలిపితే కలపండిగానీ పేరు ఉంచండి అని అడిగినవాళ్ళు ఎందరో. ఆ బాధ అంతా కృష్ణా జిల్లాదే అన్నట్టు పత్రికల్లో వచ్చింది. గంజాం నుంచి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాలని మాకు తెలియలేదు. అందుకే ఇన్నేళ్ళ తరవాత రాస్తున్నాను.

విలీనం 2020 ఏప్రిల్ 1న జరిగింది. దేశమంతా లాక్‌డౌన్‌లో పడి సరిగ్గా వారం. బయట పురుగు లేదు. తొంభై ఆరేళ్ళు నిండిన ఒక పేరు, దాన్ని నమ్ముకున్నవాళ్ళందరూ ఇళ్ళల్లో తలుపులు వేసుకుని ఉన్న రోజున, వీడ్కోలు చెప్పేవాడు లేకుండా వెళ్ళిపోయింది. ఇంకో మూడున్నరేళ్ళు పైచిలుకు ఆగితే నూరేళ్ళ పండగ జరిగేది.

తరవాత కొన్నాళ్ళకి అమ్మను తీసుకుని బరంపురం వెళ్ళాను. ఆవిడ ఎప్పటిలాగే తలెత్తి బోర్డు చూసింది. ఆ గుండ్రం లేదు. రోడ్డు మీదే ఆగిపోయింది.

“ఇది కాదురా, మన బేంకి ఇటేపు కాదు” అంది.

“ఇదే అమ్మా, పేరు మార్చారు” అన్నాను.

“మరి మన డబ్బులో?”

“డబ్బులు ఉన్నాయి. నంబరు కూడా అదే.”

“అదే బేంకి, అదే నంబరూ అయితే పేరెందుకు తీసీసినారు?”

ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేకపోయాను. మీకు రాస్తున్నది దానికోసమే.

విలీనం తప్పని నేను అనడం లేదమ్మా. 2017లో 27 ఉన్న ప్రభుత్వ బ్యాంకులు 2020 నాటికి 12 అయ్యాయి. మొండి బాకీల కింద నలిగిపోతున్న బ్యాంకుల్ని కలిపి గట్టిపరచాలన్న మీ లెక్క నాకు అర్థమవుతుంది. అమ్మ డబ్బు పైసా పోలేదు. ఖాతా నంబరు మారలేదు. యూనియన్ బ్యాంకుకీ గొప్ప చరిత్ర ఉంది, 1919లో బొంబాయిలో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయాన్ని గాంధీగారు ప్రారంభించారు. దాన్ని తక్కువ చేయడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

నా మాట ఒక్కటే. పేరు కూడా ఖాతాదారు డిపాజిట్టే. దాన్ని లెక్కలో ఎవరూ వేయలేదు.

విలీనంలో వాటాదారుకి లెక్క ఎలా కట్టారో చూడండి. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ బ్యాంకు షేర్లు. వెయ్యి కార్పొరేషన్ బ్యాంకు షేర్లకి 330. ఆ అయిదు షేర్ల తేడాని కూడా ఎవరో కూర్చుని తూచారు. వాటాదారుకి అభ్యంతరం ఉంటే చెప్పుకోవడానికి కమిటీ ఉంది. బ్యాంకు నడిచేది వాటాదారు డబ్బు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ డిపాజిటరు డబ్బుతో కదా. ఆ డిపాజిటరు చెప్పుకోవడానికి కమిటీ ఏది? మీ బ్యాంకు పేరు మారబోతోంది, మీరేమంటారు అని శాఖలో ఒక రిజిస్టరు పెట్టి అడిగినా సరిపోయేది. అమ్మ అక్కడా వేలిముద్ర వేసి ఉండేది.

పేరు ఉంచడం కుదరదని ఎవరైనా అంటే, కుదిరిందని చూపిస్తాను. అదే 2020 ఏప్రిల్ 1న అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిసింది. అలహాబాద్ బ్యాంకు 1865 నాటిది, ఆంధ్రా బ్యాంకు కంటే కూడా పెద్దది వయసులో. ఇండియన్ బ్యాంకు తన బోర్డు మీద తన పేరు కింద చిన్న అక్షరాల్లో ‘అలహాబాద్’ అని కూడా ఉంచింది. దానివల్ల ఏ ఖాతా లెక్కా తప్పలేదు. మా శాఖ బోర్డు మీద మాత్రం పాత పేరుకి చోటు దొరకలేదు. ఉడిపిలో 1906లో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకూ, రోజుకి రెండణాల పిగ్మీ డిపాజిట్టుతో బీదల్ని బ్యాంకు మెట్లెక్కించిన సిండికేట్ బ్యాంకూ కూడా అదే రోజున వేరే బ్యాంకుల్లో కలిసిపోయాయి.

ఈ దిగులు మన దేశానికే పరిమితం కాదు. స్కాట్లాండులో రూత్‌వెల్ అనే పల్లెలో 1810లో హెన్రీ డంకన్ అనే పాదిరీగారు పేదల కోసం పొదుపు బ్యాంకు పెట్టారు. మామూలు బ్యాంకుల్లో ఖాతాకి పది పౌన్లు కావాల్సిన రోజుల్లో ఆయన ఆరు పెన్నీలు చాలన్నారు. ఆ దారిలో పుట్టిన పొదుపు బ్యాంకులే తరవాత టీఎస్‌బీ అయ్యాయి. 1995లో అది లాయిడ్స్ బ్యాంకులో కలిసింది. 2013లో మళ్ళీ విడిపోయి, పాత పేరుతోనే వీధిలోకి వచ్చింది. 2025 జులైలో దాన్ని సాంతాండెర్ అనే బ్యాంకు కొంటున్నట్టూ, తనలో కలుపుకోబోతున్నట్టూ ప్రకటన వచ్చింది. ఆ సాంతాండెరే 2010లో అబ్బీ, బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీ వంటి పాత పేర్లు తీసేసింది కాబట్టి అక్కడి ఖాతాదారుల కలవరం నాకు తెలుసు. వాళ్ళెవరో నేనెరగను. కానీ ఆరు పెన్నీల ముసలమ్మ మనవరాలు, ఎండు చేపల అమ్మ కొడుకు ఒకే మాట అడుగుతున్నారు. ఒకసారి పోయిన పేరు మళ్ళీ రావచ్చన్నది కూడా ఆ టీఎస్‌బీ కథలోనే ఉంది.

మా గంజాంకి ఇంకో పేరు కూడా పోయింది. అది పోయినప్పుడు రాజధానుల్లో ఒక్క పత్రికైనా పెద్ద అక్షరాల్లో వేసిందా అని నాకు అనుమానం. బరంపురం కేంద్రంగా రుషికుల్య గ్రామ్య బ్యాంకు ఉండేది, ఆంధ్రా బ్యాంకు పోషణలో నడిచేది. మా నది పేరు. మేం వల వేసే నీళ్ళ పేరు. 2012లో దాన్ని ఉత్కళ్ గ్రామ్య బ్యాంకుతో కలిపి ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు అన్నారు, కేంద్రం బొలంగీరుకి వెళ్ళిపోయింది. 2025 మే 1న రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అన్నప్పుడు ఆ పేరు కూడా పోయి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయింది. అదే రోజు ఆంధ్రలో చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు పేరు కూడా వెళ్ళింది. నది పేరు, ఊరి పేరు, జాతి పేరు ఉన్న చోట రాష్ట్రం పేరు, దేశం పేరు వస్తున్నాయి. పెద్ద పేర్ల మీద గౌరవం లేక కాదు, అమ్మ గాలిలో గీసి చూపించేది చిన్న పేరే.

పాత పేరుతో వ్యవహారాలు కూడా ముడిపడి ఉంటాయి. మా కుర్రాళ్ళు సగం మంది చెన్నైలోనో, గుజరాత్ బోట్ల మీదో ఉంటారు. ఆంధ్రా బ్యాంకు శాఖలకి డబ్బు పంపడానికి వాడే పాత కోడ్లు 2021 మార్చి 31తో చెల్లకుండా పోయాయి, అన్నీ యూనియన్ బ్యాంకు కోడ్లయ్యాయి. మా వీధిలో ఒక కుర్రాడి జీతం రెండు నెలలు ఇంటికి చేరలేదు. వాడి యజమాని దగ్గర పాత కోడే ఉండిపోయింది. వాడి తల్లి రోజూ మా గుమ్మంలోకి వచ్చి, ఆంధ్రా బ్యాంకు ఎత్తేశారట నిజమేనా అని అడిగేది. పేరు పోతే బ్యాంకు పోయినట్టే ఆవిడ లెక్క. అక్షరం రాని మనిషికి వేరే లెక్క ఉండదు.

2025 నవంబరులో ముంబయిలో మీరు, దేశానికి ప్రపంచ స్థాయి పెద్ద బ్యాంకులు కావాలని, దాని గురించి రిజర్వు బ్యాంకుతో మాటలు నడుస్తున్నాయని చెప్పారు. ఈసారి ఏ పేర్ల వంతు వస్తుందో అని దేశంలో ఎక్కడో ఒక గంప దించుకుని ఎవరో తలెత్తి బోర్డు చూసుకుంటూనే ఉంటారు. వాళ్ళ కోసమూ మా కోసమూ కలిపి అడుగుతున్నాను.

ఇకమీద ఏ రెండు బ్యాంకుల్ని కలిపినా, పేరు తేల్చేముందు శాఖల్లో ఖాతాదారుల్ని అడిగించండి, వాళ్ళ భాషలో. పోయే పేరు ఆ ప్రాంతపు శాఖల బోర్డు మీదా పాస్‌బుక్ అట్ట మీదా కొత్త పేరు కింద ఉండాలని విలీనం కాగితాల్లోనే రాయించండి. ఇండియన్ బ్యాంకు చేసింది కాబట్టి దీనికి కొత్త చట్టం అక్కర్లేదనుకుంటాను. గంజాం, గజపతి జిల్లాల్లో ఒకప్పటి ఆంధ్రా బ్యాంకు శాఖలన్నిటి మీద ‘ఆంధ్రా’ అన్న మాట మళ్ళీ రాయించండి. పైన యూనియన్ బ్యాంకు పేరు పెద్దగా ఉండనివ్వండి. కింద జానెడు చోటు చాలు. ఒడియా లిపిలోనే రాయించండి, అమ్మకి తెలిసిన అక్షరం అదే.

ఆవిడ పెట్టెలో ఇప్పుడు రెండు పాస్‌బుక్కులున్నాయి. కొత్తది ఇచ్చినప్పుడు పాతది పారేయమన్నాను, వినలేదు. రెంటికీ కలిపి ఒకే రబ్బరు బ్యాండు వేసింది. వచ్చే నెల ఆవిడని బ్యాంకుకి తీసుకువెళ్ళాలి. ఈ ఉత్తరం నకలు ఒకటి ఆ రోజు మేనేజరుగారికి కూడా ఇచ్చి వస్తాను.

ఇట్లు,
పొడంపేట ఖాతాదారు,
గంజాం జిల్లా, ఒడిశా